ఇరవై రెండు కావళ్ళు

పోయిన నెల కిరండూల్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్తూ, సుక్మా ఇంకా రాకముందే కారు ఆపమన్నాను. నడుపుతున్నది మా అల్లుడు. విజయనగరం వైపు మనిషి, గనుల్లో ఇంజనీరు, మంచివాడే గానీ కాలు ఒకచోట నిలవదు. "ఏటండీ అత్తయ్యగారూ, ఇక్కడేటుందని? చింతచెట్టే కదండీ!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "చింతచెట్టే బాబూ. ముందు చెప్పులు విప్పి దండం పెట్టుకోండి, తర్వాత మాట్లాడదాం" అన్నాను. పాపం, చెప్పులు విప్పి దిగాడు.

చెట్టు అలాగే ఉంది. నలుగురు చేతులు చాపినా అందని మొదలు, దాని తొర్రలో మట్టి గుర్రాలు, మట్టి ఏనుగులు, కొమ్మలకు రంగు వెలిసిన గుడ్డపేలికలు. కొత్తగా సిమెంటు గద్దె ఒకటి కట్టి పచ్చరంగు వేశారు. అది నాకు నచ్చలేదు. నన్నడిగి కట్టలేదు కదా, ఊరుకున్నాను. దారిన పోయే లారీ ఒకటి నెమ్మదించి ఆగింది. డ్రైవరు దిగి, ఒక రాయి ఏరుకొచ్చి, మొదట్లో ఉన్న రాళ్ళకుప్ప మీద పెట్టి వెళ్ళిపోయాడు. నా చిన్నప్పుడు ఆ కుప్ప నా నడుం దాకా ఉండేది. ఇప్పుడు నా తల దాటింది.

అల్లుడు ఫోన్లో ఫొటోలు తీసుకుంటుంటే నేను ఆ మొదట్లో కూలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ముసల్ది గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి. ఇది గొప్పగా చెప్పుకోవలసిన సంగతే, నేను చెప్పుకుంటాను.

శబరి ఒడ్డున కుంట మా ఊరు. చింతపండు వ్యాపారం. ఇంటి ముందు భాగం కొట్టు, వెనక భాగం కాపురం, మధ్యలో పెద్ద వాకిలి. మాఘం వెళ్ళిందంటే చాలు, ఆ వాకిలి నిండా చింతకాయే. ఇరవైమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొయ్యసుత్తులతో పెంకులు పగలగొట్టి, ఈనెలు లాగి, గింజలు తీసేవాళ్ళు. వాళ్ళ కబుర్లు తెలుగులో మొదలై దోర్లీలోకి వెళ్ళి, నవ్వొచ్చేచోట హల్బీలోకి తిరిగి, మా బాబాయి అటు రాగానే హిందీలో ముగిసేవి. ఆ పుల్లటి వాసన గోనెసంచులకీ, మా అమ్మ చీరలకీ, ఆఖరికి నా తలగడకీ పట్టేది. బళ్ళో పిల్లలు నన్ను చూసి ముక్కు ఎగబీల్చి "చింతపండు వచ్చిందిరోయ్" అనేవాళ్ళు. నేను ఊరుకునేదాన్నా! ఉప్పునీళ్ళు చల్లి వేయించిన చింతగింజలు ఎప్పుడూ నా గౌను జేబులో ఉండేవి. బుగ్గన ఒకటి పెట్టుకుంటే లెక్కల క్లాసు మొత్తం గడిచిపోయేది. ఒక గింజ ఇస్తానంటే చాలు, వెక్కిరించినవాళ్ళే నా వెనకాల తిరిగేవాళ్ళు.

మా తాతయ్య ఆ రోడ్డు పొడవునా ఊళ్ళ అంగళ్ళలో చింతపండు కొనేవాడు. చాలాసార్లు కాయ ఇంకా చెట్టు మీద ఉండగానే బేరం కుదిరేది. చెట్టు కింద నిలబడి, తల పైకెత్తి, ఒక కన్ను సగం మూసి, కాస్త ముందుకూ వెనక్కూ ఊగి, "దీనికి ఆరు కావళ్ళు దిగుతది" అనేవాడు. కావడి అంటే బద్దకు రెండు వైపులా రెండు గంపలు. దులిపి చూస్తే ఆరే దిగేది. ఎర్రబోరు నుంచి సుక్మా దాకా ఆయన నోటిమాట తర్వాత కాంటా అడిగినవాళ్ళు లేరు. సేటు కన్ను పడిందంటే పడ్డట్టే.

ఆ కన్నే పోవడం మొదలైంది. కనిపెట్టింది నేను. ఒకరోజు పొద్దున్న ఆయన మంచినీళ్ళ చెంబు అనుకుని కిరసనాయిలు బుడ్డి ఎత్తి తాగబోయాడు. చప్పున చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా మొహం వంక చూశాననుకుని నా చెవి వంక చూశాడు. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా" అన్నాడు మెల్లగా. శుక్లాలు. ఆపరేషన్ అనే మాట వింటేనే ఆయనకు చెమటలు పట్టేవి. అంగళ్ళలో అంతమందిని గదమాయించే మనిషి, కంట్లో కత్తి పెడతారంటే పసిపిల్లాడయ్యేవాడు.

అప్పటికే నాకు అంచనా కట్టడం వచ్చు. ఐదో ఏటి నుంచి ఆయన వెంట తిరిగినదాన్ని. "కాయను చూడకు బిడ్డా, కొమ్మను చూడు. ఎంత వంగిందో చూడు. ఎండినకాయ తేలిక, దోరకాయ బరువు. చిలకలు కొట్టింది తీసెయ్" అని ఆయనే నేర్పాడు. సరే, ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. చెట్టు దగ్గరికి పోగానే ఆయన నా చెయ్యి పట్టుకుంటాడు. నేను చూసి ఆయన అరచేతిలో చెప్తాను. పిడికిలి బిగించి నొక్కితే పది, వేలితో తడితే ఒకటి, గోటితో గీస్తే సగం. ఆయన తల పైకెత్తి, కన్ను సగం మూసి, ఊగి, గట్టిగా ప్రకటిస్తాడు. నాటకం మాత్రం అదరగొట్టేవాడు. రెండేళ్ళపాటు ఒక్కరికీ అనుమానం రాలేదు.

బయటపడితే ఇద్దరి పనీ అయిపోయినట్టే. మా నాయనా, బాబాయీ ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టేస్తారు. పోటీ వ్యాపారులు గుడ్డిసేటు అని పేరు పెడతారు. ఆయన పరువు అంగట్లో కలుస్తుంది. నా సంగతి ఇంకా ఘోరం. "ఆడపిల్లకు అంగళ్ళ తిరుగుడు ఏందే? రేపు నిన్నెవడు చేసుకుంటడు?" అని నాయనమ్మ రోజూ సతాయించేది. తాతకు తోడు అనే ఒక్క సాకు మీద నేను బయట తిరుగుతున్నాను. ఆ సాకు పోతే నా చేతికి కొయ్యసుత్తి ఇచ్చి వాకిట్లో కూర్చోమంటారు, జన్మంతా గింజలు తియ్యమంటారు. ఆ భయంతో నాకు ఒక్కోసారి అన్నం సయించేది కాదు.

ఆ ఏడు ఫాల్గుణంలో తాతయ్య దంతెవాడ అమ్మవారి దర్శనానికి బయల్దేరాడు. ఆయనేం మొక్కుకున్నాడో వేరే చెప్పాలా? కత్తి పడకుండా చూపు రావాలని. తోడు నేను. నాయనమ్మ పులిహోర అడ్డాకుల్లో కట్టి, పెరుగన్నం గిన్నెకు గుడ్డ బిగించి, జంతికల డబ్బా పైన పెట్టి, "దారిల ఎవ్వరేమిచ్చినా నోట్ల పెట్టకు. మైల" అని వేలు చూపించి మరీ చెప్పింది. జీపులో పద్నాలుగుమందిమి, పైన రెండు మేకలు. పులిహోర ఎర్రబోరు చేరకముందే అయిపోయింది. ఎర్రబోరులో టీ తాగుతూ తాతయ్య "ఎంత మిగిలింది బిడ్డా?" అని అడిగితే "ఆకు మిగిలింది తాతా" అన్నాను. ఆయన నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు.

మధ్యాహ్నం కాకముందే ఆ చెట్టు వచ్చింది. డ్రైవరన్న హారన్ ఆపి, బండి పక్కకు తీసి, "దిగుండ్రి, అందరు తలా ఒక రాయి పెట్టుండ్రి. పెట్టకపోతే బండి ముంగటికి పోదు" అన్నాడు. దిగాం. ఊరంతా అక్కడే ఉంది. చెట్టు కింద నేల ఊడ్చి, పేడతో అలికారు. మగవాళ్ళ చేతుల్లో పొడుగాటి వెదురుగడలు, ఆడవాళ్ళ ముందు ఖాళీ గంపలు. ఆ ఏటికి ఆ చెట్టు కాయ దులిపే రోజు అదేనట. మాకేం తెలుసు!

నేను తల ఎత్తాను. నా పదేళ్ళ బతుకులో అంత చెట్టు చూడలేదు. కొమ్మ అంటే కొమ్మ కాదు, ఒక్కొక్కటి మా ఊరి చింతచెట్టంత ఉంది. అలాంటివి తొమ్మిది. నా కన్ను నా మాట వింటుందా! అది ఒక్కో కొమ్మ మీదికీ పాకింది, కూడింది, చిలకలు కొట్టింది తీసేసింది. తాతయ్య చెయ్యి నా చేతిలోనే ఉంది. రెండు పిడికిళ్ళు, రెండు తట్లు. ఆయనకూ నలభై ఏళ్ళ అలవాటు. తల పైకెత్తాడు, కన్ను సగం మూశాడు, ఊగాడు, అంగట్లో అరిచినట్టు అరిచాడు.

"అబ్బబ్బ! ఇరవై రెండు కావళ్ళు!"

గంపలు సర్దుతున్న ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. గడలు ఎత్తినవాళ్ళు దించారు. ఆ ఊరి పటేలు, తలపాగా చుట్టిన పెద్దమనిషి, కర్ర పొడుచుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. ఎర్రబోరు అంగట్లో మాకు కాయ పోసేవాడే, తాతయ్యను బాగా ఎరుగును.

"ఏం పని చేసినవయ్యా సేటు! కడుపుల ఉన్న బిడ్డకు తూకం ఏస్తరా ఎవరన్న? ఈ చెట్టు కాయ మేం అమ్మం. ఇంటికింత అని పంచుకుంటం. దులిపే దాక ఎంత అనే మాట ఎవ్వరి నోట రావద్దు. మా తాతల కాడి నుంచి గంతే."

తాతయ్య రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది పటేలా. పాడు అలవాటు, నోరు జారింది. కొబ్బరికాయ కొడత, చెంపలేసుకుంట."

పటేలు మెత్తబడేవాడేమో. కానీ చెట్టు మొదట్లో ఒక అవ్వ కూర్చుని ఉంది. ఊరందరికన్నా పెద్దది, ఎముకల గూడు, పక్కన సొరకాయ బుర్రలో అంబలి. ఆవిడ కూర్చున్న చోటు నుంచే అంది. "జారిన మాట చెట్టు ఇన్నది. ఇంగ నువ్వు ఎనక్కి తీసుకుంటే ఎట్ల? చెట్టు కింద లెక్క చెప్పినోడు దులుపుడు అయ్యే దాక ఇక్కడ్నే ఉండాలె. మాట నిలబడ్డదా, చెట్టే ఆని నోట పలికించింది అంటం. నిలబడలేదా, చెట్టు కింద అబద్ధమాడిండు. గట్లాంటోనికి ఈ చుట్టు ఏ ఊరోళ్ళు కాయ పొయ్యరు."

అందరూ తలలూపారు. తాతయ్య చప్పున నా చెయ్యి పట్టుకున్నాడు. మా కొట్టుకు వచ్చే కాయలో సగం ఆ చుట్టుపక్కల ఊళ్ళదే. అంతకన్నా, నలభై ఏళ్ళ మాట.

జీపులో మిగతావాళ్ళు గొణిగారు గానీ డ్రైవరన్న బండి తాళాలు జేబులో వేసుకుని "సేటును ఇడిసి నేను పోను. తమాషా చూడుండ్రి" అని బీడీ ముట్టించాడు.

నన్ను ఆడవాళ్ళలోకి లాగి కూర్చోబెట్టారు. తాతయ్యను ఒంటరిగా చెట్టు కింద నిలబెట్టారు. నేను ఎక్కడున్నానో తెలియక ఆయన చెయ్యి గాల్లో వెతికింది. పటేలు కర్ర ఎత్తి ఒక కొమ్మను చూపించి, "చెట్టు మొత్తం చెప్పినవ్ కదా సేటు. కొమ్మకు కొమ్మ చెప్పు. దీనికెంత?" అన్నాడు.

తాతయ్య తల ఎత్తాడు. అటువైపు కాదు. "ఏ కొమ్మ?" అన్నాడు.

"నా కర్ర కనపడతలేదా?"

పటేలు దగ్గరికి వచ్చి, తాతయ్య మొహం ముందు అరచెయ్యి ఆడించాడు. రెప్ప పడలేదు. జనంలో గుసగుస మొదలైంది. ఎవరో గట్టిగానే అన్నారు, "సేటుకు కండ్లు లేవురో! మరి ఇన్నాళ్ళు మా చెట్లు ఏం చూసి చెప్పిండు?" ఇంకెవరో "మోసం" అన్నారు.

ఆ మాట వినగానే మా తాతయ్య చెవులు ఎర్రగా అయిపోయాయి. అంత పెద్దమనిషి తల దించుకున్నాడు. ఆయన తల దించడం నేను అదే మొదలు చూడటం. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గంపలు తన్నుకుంటూ లేచి పోయి ఆయన ముందు నిలబడ్డాను.

"మోసమెవరు చేసిండ్రు? మా తాతనేం అనొద్దు. లెక్క చెప్పింది నేను. ఆయన చేతుల నేనే చెప్పిన. అడగాలంటే నన్నడుగుండ్రి!"

ముందు అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. "ఎంత పిల్లవే నువ్వు?" అంది. "పదేండ్లు" అన్నాను. "పదేండ్ల పిల్ల మాటయినా, చెట్టు కింద మాట మాటే. చెప్పియ్ పటేలా" అంది.

పటేలు కర్ర మళ్ళీ ఎత్తాడు. నేను చూశాను. "మూడు."

గడలు లేచాయి. ఇద్దరు పైకెక్కి కొమ్మ ఊపారు. వడగళ్ళలాగా కాయ పడింది. ఆడవాళ్ళు ఎత్తి గంపల్లో నింపారు. మగవాళ్ళు కావళ్ళు భుజాన వేసుకుని అటు పెద్ద కుప్పగా పోశారు. ఒక్కో కావడికి అవ్వ ఒక్కో గులకరాయి తన ముందు పెట్టుకుంది. మూడు రాళ్ళు. ఎవరూ నవ్వలేదు.

రెండో కొమ్మకు రెండున్నర అన్నాను. ఐదు గంపలు దిగింది. మూడో కొమ్మ చూడటానికి అన్నిట్లోకి నిండుగా ఉంది. ఆకు కనబడకుండా కాయ. "ఒకటి" అన్నాను. మళ్ళీ నవ్వులు. "ఏంది పిల్లా, కండ్లు తిరిగినయా? నాలుగు దిగుతది" అని చెట్టు మీదివాడే అరిచాడు. ఆ కొమ్మ నిండుగా ఉంది గానీ వంగలేదు. అంత కాయ ఉన్న కొమ్మ నిటారుగా నిలబడిందంటే లోపల పురుగు తిని డొల్లలు మిగిలాయన్న మాట. దులిపారు. పడ్డది పడ్డట్టే గలగలమంటూ గాలికి దొర్లింది. ఆడవాళ్ళు చేత్తో నొక్కితే పిండి. డొల్లలు ఏరి పారేస్తే మిగిలింది సరిగ్గా రెండు గంపలు. ఒక కావడి.

అక్కడి నుంచి చూడాలి! పటేలు కర్ర ఎత్తకముందే జనం "చెప్పు పిల్లా, చెప్పు" అనడం మొదలుపెట్టారు. డ్రైవరన్న జీపు బానెట్ మీదికెక్కి, నేను చెప్పిన ప్రతి లెక్కా రోడ్డు మీద పోయేవాళ్ళకు హిందీలో అరిచి చెబుతున్నాడు. బస్సు ఒకటి ఆగింది. సైకిళ్ళు ఆగాయి. నాలుగో కొమ్మ మూడు, మూడే. ఐదు రెండు, రెండే. తాతయ్య ఇప్పుడు తల ఎత్తే ఉన్నాడు. గంపలు పోసే చప్పుడు వింటూ వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంటున్నాడు.

ఆరో కొమ్మ దగ్గర కష్టం వచ్చింది. మూడున్నర అన్నాను. ఆఖరి గంప పావు వంతు వెలితిగా వచ్చింది. అవ్వ గంపలో చెయ్యి పెట్టి చూసి నా మొహం చూసింది. సరిగ్గా అప్పుడు ఒక చంటిది, మూడేళ్ళది, నా ముందు నుంచి వెళ్తూ గుడ్డలోంచి కాయ జారవిడిచింది. నాకు దొంగలెవరో తెలిసిపోయింది. నేనూ ఆ వయసు దాటిందాన్నే కదా! "పటేలా, మీ పిల్లల ఒళ్ళు దులుపుండ్రి" అన్నాను. వెంటపడి పట్టుకుంటే ఎనిమిదిమంది ఒడిలోంచీ, మొలగుడ్డలోంచీ, నోట్లోంచీ కాయ రాలింది. గంప నిండి పైన కుప్ప నిలిచింది. ఊరంతా పడిపడి నవ్వింది.

మధ్యలో అంబలి పోశారు. దొప్పలో అంబలి, అంచున ఏదో పుల్లని కారప్పచ్చడి. నాయనమ్మ చూపిన వేలు గుర్తొచ్చింది గానీ కడుపు ఊరుకోలేదు. రెండుసార్లు పెట్టించుకుని నాకాను. అది ఎర్రచీమల పచ్చడి అని తిన్నాక డ్రైవరన్న చెప్పాడు. మా ఇంట్లో ఉల్లిపాయ కూడా కొన్నిరోజులు నిషేధం! ఈ సంగతి నాయనమ్మకు చివరిదాకా తెలియనివ్వలేదు.

ఏడో కొమ్మ రెండు. ఎనిమిదోది మూడు. రెండూ నిలబడ్డాయి. అవ్వ ముందున్న రాళ్ళు లెక్కపెట్టారు. ఇరవై. నేను తొమ్మిదో కొమ్మ వైపు తిరిగాను, తూర్పుకు చాచిన కొమ్మ, దానికి రెండు. నోరు తెరవబోతుంటే గడలు కింద పెట్టేస్తున్నారు.

"ఇంకో కొమ్మ ఉన్నది కదా!" అన్నాను.

"అది దేవుని కొమ్మ. దాన్ని ముట్టం. కాయ దానంతట అది రాలాలె, పిట్టలు తినాలె" అన్నాడు పటేలు. ఆయన మొహం కూడా వాడిపోయింది. అప్పటికే ఆయన మా పక్షమైపోయాడు మరి.

అవ్వ మెల్లగా అంది. "మాట ఇరవై రెండు. కుప్ప ఇరవై. మాట నిలబడలే."

తాతయ్య చెయ్యి నా భుజం మీద పడింది. "పోనీ బిడ్డా, నువ్వు బాగనే చెప్పినవ్. పోదాం పా" అన్నాడు. ఆ గొంతులో ఓడిపోయిన నీరసం వినబడింది నాకు. పోదామా! ఎనిమిది కొమ్మలు చెప్పి, చీమల పచ్చడి తిని, ఓడిపోయి పోవడమా! ఆ కోపంలో నా తలలో ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట.

"అవ్వా, మా తాత లెక్క చెప్పింది చెట్టుకా, కుప్పకా?"

"చెట్టుకే."

"దేవుని కొమ్మ ఈ చెట్టుది కాదా?"

అవ్వ తల ఎత్తి ఆ కొమ్మ వంక చూసింది.

"కాదంటే చెప్పు, నేను ఓడిపోయిన. అయితదంటే, ఇరవై మీరు దింపుకున్నరు, రెండు దేవునికి పెట్టిండ్రు. మొత్తం ఎంత? నా లెక్క తప్పంటే, ఆ కొమ్మ చెట్టుది కాదన్నట్టే. చెట్టు కిందనే కూసోని ఆ మాట నువ్వంటవా?"

పెద్దవాళ్ళతో అలా మాట్లాడితే మా ఇంట్లో వీపు విమానం మోత మోగేది. అవ్వ పళ్ళులేని నోరు తెరిచి నవ్వింది. భుజాలు కదిలిపోయేలా నవ్వింది. పక్కనున్న మట్టిలోంచి రెండు గులకరాళ్ళు ఏరి, ఇరవై రాళ్ళ పక్కన టక్ టక్‌మని పెట్టింది. "నిలబడ్డది" అంది.

ఊరు ఊరంతా ఒక్క కేక వేసింది. డ్రైవరన్న బానెట్ మీద గంతులు వేస్తే అది సొట్ట పడింది, ఆ సొట్ట ఆ జీపు ఉన్నన్నాళ్ళూ ఉంది. పటేలు వచ్చి, "మాట నిలబడ్డోళ్ళ పేరు చెట్టుకు చెప్పాలె. ఎవరి పేరు చెప్తవ్ సేటు, నీదా?" అన్నాడు. తాతయ్య తనది చెప్పుకోవచ్చు. అది కొట్టు పేరు, నలభై ఏళ్ళ పేరు. ఆయన నన్ను ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. చెట్టు వైపు తిరిగాడు, ఈసారి సరిగ్గా తిరిగాడు. నా పేరు మూడుసార్లు అరిచాడు. తర్వాత జనం వైపు తిరిగి, "రెండేండ్ల సంది నాకు కండ్లు లేవు. నేను చెప్పిన ప్రతి అంచనా ఈ పిల్లదే. ఒక్కటన్న తప్పిందా, చెప్పుండ్రి" అన్నాడు.

ఒక ఆడమనిషి వెనక నుంచి అంది. "మా పెరటి చెట్టుకు అర కావడి ఎక్కువ చెప్పింది. నాకే కలిసొచ్చింది, అందుకే నేను నోరు మూసుకున్న!" ఇంక నవ్వులే నవ్వులు. ఆ పెరటి చెట్టు విషయంలో నాకు ఇప్పటికీ సిగ్గే.

దంతెవాడలో అమ్మవారి ముందు తాతయ్య ఏం మొక్కుకున్నాడో ఈసారి నాకు చెప్పలేదు. ఇంటికి రాగానే మాత్రం ఆయనే అందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పేశాడు, కళ్ళ సంగతితో సహా. అనుకున్నట్టే అయింది. "ఇంగ ఇద్దరు ఇంట్ల కూసోండ్రి" అన్నాడు మా నాయన. నాయనమ్మ అప్పటికప్పుడు నాకు కొయ్యసుత్తి వెతికింది. నాలుగు రోజులు నేను గింజలు తీశాను, ఏడుస్తూ తీశాను.

ఐదోరోజు ఎర్రబోరు అంగడికి నాయనా, బాబాయీ వెళ్ళారు. సాయంత్రం ఖాళీ సంచులతో తిరిగొచ్చారు. చెట్టు ఊరివాళ్ళు, వాళ్ళ పక్క ఊళ్ళవాళ్ళు కావళ్ళు దించి, "పిల్లేది?" అని అడిగారట. ఇంట్లో ఉందంటే, కావళ్ళు మళ్ళీ భుజాన వేసుకుని వెళ్ళిపోయారట. మా నాయన ఆ రాత్రి అన్నం తింటూ నాయనమ్మతో, "అమ్మా, దానికి రేపు మంచి గౌను తొడుగు" అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాతి ఏడు తాతయ్య జగదల్‌పూర్ వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నాడు. దాచుకోవడానికి ఏమీ మిగలకపోయేసరికి భయం కూడా పోయిందనుకుంటాను. సోడాసీసా అడుగులాంటి అద్దాలు పెట్టుకుని అంగట్లోకి దిగాడు. చూపు నిక్షేపంగా వచ్చింది. ఎవరో కొత్త మనిషి, దూరపు ఊరివాడు, ఆయన దగ్గరికి వచ్చి, "సేటు, మా చెట్టొకసారి చూస్తవా?" అని అడిగాడు. తాతయ్య పక్కకు జరిగి నన్ను ముందుకు నెట్టాడు. "నేను చిన్న సేటును. పెద్ద సేటు ఈమె. ఆమెనడుగు" అన్నాడు.

నాకు పదకొండేళ్ళు. చూశాను, చెప్పాను. అప్పటి నుంచి మోకాళ్ళు మొరాయించేదాకా, పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, తాతయ్య పోయినా, ఆ రోడ్డు మీద నేనే చింతపండు కొన్నాను. ఇంట్లో కూర్చోమని మళ్ళీ ఎవరూ నాతో అనలేదు. అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.